మూత మీది ఎర్ర కాగితం

అక్క కొత్త కుట్టుమిషను కొని నెల తిరగలేదు. పది కుట్లు పడగానే కింద దారం ఉండకట్టి, మోటారు మూలిగి ఆగిపోయేది. ఎనిమిదేళ్లు ఒకరి టైలరు షాపులో కుట్టి కుట్టి, ఇక నా ఇంట్లో నా మిషను అనుకుని కొనుక్కుంది. బడిపిల్లల యూనిఫారాల పని కూడా ఒప్పుకుంది.

మిషను అమ్మిన షాపాయన దగ్గరికి మూడుసార్లు వెళ్లాం.

"మిషను బంగారం తల్లీ. నీకే ఇంకా చెయ్యి కుదరట్లేదు."

"అంత బంగారమైతే నువ్వే మెడలో వేసుకో బాబాయ్. నాకు కుట్టేది ఇవ్వు," అంది అక్క.

ఆయన నవ్వాడే గాని మార్చలేదు. బిల్లు, గ్యారంటీ కార్డు నకళ్లు జతచేసి నేనే షాపుకు నోటీసు రాశాను. జవాబు రాకపోయేసరికి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. అక్కడి గుమాస్తా నా దస్తూరి బాగుందన్నాడు. కళ్లద్దాల పైనుంచి చూస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు.

"పరీక్ష చెయ్యడానికి మా మనిషి వస్తాడు. అందాకా ఎవరూ వేలు పెట్టకండి. వెనక మూత స్క్రూ మీద ఎర్ర కాగితం అంటించి ఉంటుంది. అది చిరిగిందా, మీ కేసు చిరిగినట్టే."

ఇంటికొచ్చి మిషను మీద దుప్పటి కప్పాం. నాన్నకు మాత్రం ఆ మాట చెప్పలేదు.

నాన్న ముప్పై ఏళ్లు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసిన మనిషి. వీధంతా ఆయన్ని 'డాక్టరుగారు' అనేది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి, కుడిచేతికి వణుకు మిగిల్చి పోయింది. టీ గ్లాసు కూడా మేమే పట్టుకునేవాళ్లం. ఇంటి సంగతులు ఆయనకు చెప్పడం ఎప్పుడు మానేశామో మాకే తెలియదు.

కమిషన్ మనిషి రేపు వస్తాడనగా, సాయంత్రం నేను పని నుంచి, అక్క మళ్లీ ఆ పాత టైలరు షాపు నుంచి కలిసి వస్తుంటే సందు మొదట్లోనే మిషను చప్పుడు వినిపించింది. ఎక్కడా తడబడకుండా సాఫీగా సాగుతోంది. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

లోపల నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా నూనె మరకలు.

"రండి, రండి! లోపల పళ్లచక్రం వంకరగా బిగించారు వెధవలు. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని విప్పాను. మధ్యాహ్నమంతా పట్టిందనుకో. ఇదిగో చూడవే, కుట్టు ఎంత తిన్నగా పడిందో!"

ఆయన అలా నవ్వి రెండేళ్లయింది. నేలమీద ఎర్ర కాగితం ముక్కలున్నాయి. అక్క వాటిని చూసింది, ఆయన చేతిలోని గుడ్డపీలికను చూసింది.

"డాక్టరుగారంటే మాటలా," అంది.

మర్నాడు వచ్చినతను మిషను వెనక్కి తిప్పి టార్చి వేశాడు.

"సీలు తీసిందెవరు?"

నాన్న సంబరంగా కుర్చీలోంచి లేవబోయాడు.

"నేనే సార్," అంది అక్క గబుక్కున. "ఆత్రం ఆగక."

"ఎంత పని చేశావమ్మా! తీయకుండా ఉంటే కొత్తది వచ్చేది. ఇప్పుడు లోపం కంపెనీదో, నీ చేతిదో ఎలా తేల్చమంటావు?"

నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అది అబద్ధం బాబూ. విప్పింది నేను. నా పేరే రాసుకో."

సంతకానికి చాలాసేపు పట్టింది. నిన్న అన్ని స్క్రూలు విప్పిన చెయ్యి ఆ కాగితం మీద నిలవలేదు.

అతను వెళ్లాక నాన్న నా వైపు తిరిగాడు.

"ముట్టుకోకూడదని నాకెందుకు చెప్పలేదే?"

అన్ని కాగితాలు రాసినదాన్ని, ఆ కాగితాలే మళ్లీ మడతపెట్టి సర్దాను.

కేసు నిలవలేదు. మిషను నడుస్తోంది గాని మధ్యమధ్య దారం తెగుతుంది. చప్పుడు ఆగగానే పక్కగదిలో మంచం కిర్రుమంటుంది. నాన్న తలెత్తి వింటున్నాడని మాకు తెలుసు. అక్క గుడ్డ పక్కకు లాగేసి, దారం ఎక్కించకుండానే ఉత్తి మిషను తొక్కుతుంది. నాన్న తిరిగి వాలి, మంచం మళ్లీ కిర్రుమన్నాక గాని ఆపదు.