మూడో ఆమె ఆట

ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక గుప్పెడు తీసి, పొయ్యి పక్కనున్న కుండలో వేసింది కరుణాకుమారి. పూటకో గుప్పెడు. సంఘంలోని ప్రతి ఆడమనిషీ ఇట్లాగే తీస్తుంది. ఆదివారం కొంగున మూట కట్టుకొచ్చి, గుడిలో ప్రభువు బల్ల ముందు పెట్టిన బుట్టలో పోస్తుంది. ఆ బియ్యం అమ్మితే వచ్చేదానికి స్త్రీల కానుక అని పేరు. పేరు వరకే స్త్రీలది.

"ఈసారి కానుకతో గుడికి గంట తెప్పిస్తున్నాం," అన్నాడు జకరయ్య, వసారాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటూ. ఆ సంఘానికి ఆయన పాస్టరు, ఈమెకు మొగుడు. "బుధవారం కమిటీ. సమాధానం గారూ నేనూ అనేసుకున్నాం. నువ్వు టీ మాత్రం కాస్త చిక్కగా పెట్టు."

కమిటీ అంటే ముగ్గురే. పాస్టరు, సంఘపెద్ద సమాధానం, ఆడవాళ్ళ తరఫున కరుణ. ఆ మూడో మనిషిని సంగతి అడగాలని ఆయనకు తోచలేదు.

"ఆడవాళ్ళు కాన్పుల గది కావాలంటున్నారు గదండీ. గది కడితే నర్సును పంపిస్తానని మిషను బంగళా మిస్సమ్మ మాట కూడా ఇచ్చె."

"గంట మోగితే మూడూళ్ళకు వినబడుతుంది కరుణా. గది ఎవరికి కనబడుతుంది?"

పేరమ్మ కోడలికి కనబడుతుంది, అనుకుంది కరుణ. పోయిన వానల్లో ఆ పిల్ల తోటపల్లి గూడూరు దాటకముందే ఎడ్లబండిలో కనింది. నెల్లూరు ఆసుపత్రి చేరేసరికి తల్లి మిగిలింది గానీ బిడ్డ దక్కలేదు. ఆ బండిలో వాన నీళ్ళూ నెత్తురూ కలిసిన గడ్డి ఎత్తి పారబోసింది కరుణే. పాస్టరమ్మ గదా, ఆమె గాక ఎవరు ఎత్తాల? ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అప్పటికే చెంప మీది సబ్బు తుడుచుకుని పూర్తి చేసినాడు, గడ్డాన్నీ మాటనూ.

జకరయ్య చెడ్డవాడు కాదు. చెయ్యి చేసుకోడు, కసురుకోడు. ఆమె చెప్పేది చివరిదాకా ఓపిగ్గా వింటాడు. విని, ముందు తాను అనుకున్నదే మళ్ళీ చెప్తాడు. ఇంతకంటే కసురుకునే మొగుడే మేలేమో, పోట్లాడేదానికి చోటన్నా ఉండును అనిపించేది ఆమెకు. పెళ్ళయిన కొత్తలో అత్త చెప్పింది, "పాస్టరు పెళ్ళామంటే గుడి స్తంభం మాదిరి, అమ్మే. మొయ్యాల, మాట్లాడకూడదు" అని. మోసింది. గుడి ఊడ్చింది, బల్ల గుడ్డ ఉతికింది, పిల్లలకు పాటలు నేర్పింది, వేళకాని వేళ దిగే అతిథులకు చేపల పులుసు వండింది. ఊరంతా అమ్మగారూ అని నోరారా పిలుస్తుంది. జీతం మటుకు అయ్యగారికే, పని ఇద్దరిదీ. ఇంత చదువు చదివి, హయ్యర్ గ్రేడ్ టీచరు ట్రైనింగు పాసై, ఆఖరికి నా కొలువు టీ పెట్టడమా దేవుడా అని ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో ఆ పొయ్యికి తెలుసు. పొగ వంక ఒకటుంది గదా, కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగరు.

ఆ మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున మిషను బంగళాలో స్త్రీల సమాజం కూడింది. సెలవు మీద సొంతదేశం పోయిన మిస్సమ్మ తిరిగొచ్చి వారమే అయింది. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, అందుకని ఆమె ఇంగ్లీషుకు తెలుగు చెప్పడం కూడా కరుణ పనే. మిస్సమ్మ ఆ రోజు బైబిలు వాక్యం పక్కనబెట్టి ఫొటోలు బయటికి తీసి చూపించింది. పచ్చటి బయలు, దాంట్లో పావడాలు కట్టిన ఆడవాళ్ళు, చేతుల్లో వంకీ తిరిగిన కర్రలు.

"దీన్ని గోల్ఫ్ అంటారంట," అని చెప్పింది కరుణ. "చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటా పోయి, దూరంగా ఉన్న గుంతలో పడెయ్యాల. పోయినేడు పారిస్ పక్కన మొదటిసారి దేశదేశాల ఆడవాళ్ళూ జట్లు కట్టి పోటీ పడ్డారంట. డబ్బుకు ఆడేవాళ్ళు కారు, ఇష్టం కొద్దీ ఆడేవాళ్ళు. మిస్సమ్మ చెల్లెలి కూతురు కూడా ఆడిందంట."

"ఎక్కువ దెబ్బలు కొట్టినోళ్ళు గెలిచినట్టా?" అనింది గురవమ్మ. ఈమె సంఘపెద్ద సమాధానం భార్య, ఆ ఊళ్ళో ఎవరికీ జంకని నోరు.

"కాదంట. తక్కువ దెబ్బలతో గుంతలో వేసినోళ్ళే గెలుపు."

"అట్లయితే మా ఆయన ఈ జన్మలో గెలవడు మేయ్!"

ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వినారు. నవ్వుతా నవ్వుతా ఒక్కొక్కరే ఆగిపోయినారు. గురవమ్మ చేతి మీది నల్లటి మచ్చ అందరికీ కనబడతానే ఉండాది. మిస్సమ్మకు నవ్వెందుకో అర్థం కాలేదు, కరుణ ఆ ముక్కకు ఇంగ్లీషు చెప్పలేదు.

"జట్టుకు ముగ్గురు," అని మిస్సమ్మ మళ్ళీ మొదలుపెడితే కరుణ తెలుగు చెప్పింది. "ప్రతిరోజూ ముగ్గురూ ఆడాల. కానీ లెక్కకు వచ్చేది బాగా ఆడిన ఇద్దరిదే. మూడో ఆమెది ఆ రోజుకు తీసేస్తారు."

"అయ్యో, పాపం! పొద్దస్తమానం ఎండలో తిరిగి ఆడింది ఉత్తదేనా?" అని పేరమ్మ నొచ్చుకుంది. "ముందే చెప్తే ఆ బిడ్డ నీడన కూర్చునుండును గదా."

అది ముందే తెలుస్తుందా అని కరుణ మిస్సమ్మను అడిగింది, ఈసారి తన కోసమే అడిగింది. మిస్సమ్మ నవ్వి జవాబు చెప్పింది. కరుణ పేరమ్మ వైపు తిరిగి దాన్ని తెలుగులో చెప్పింది.

"ముందు తెలియదంట పేరమ్మక్కా. ముగ్గురూ ఆట ముగించుకుని వచ్చినాక, సాయంత్రం గాని ఎవరిది తీసేస్తారో తెలియదంట. అందుకే ముగ్గురూ చివరి గుంత దాకా ఆడి తీరాల. మిస్సమ్మ చెల్లెలి కూతురిది మొదట్లో తీసేసినారంట. ఆఖరి రోజు జట్టును నిలబెట్టింది ఆ పిల్లేనంట."

తీసెయ్యడం ఆ ఆటలోనూ ఉంది. మా ఇంట్లోనూ ఉంది. అయితే వాళ్ళు సాయంత్రం దాకా ఆగుతారు. మా ఇంట్లో పొద్దున్నే, గడ్డం గీసుకునే వేళకే, నాది తీసేసి ఉంటారు. నేను ఆడకముందే. ఇంతకీ నేను ఎప్పుడన్నా ఆడినానా? ఆయన చూద్దాంలే అంటే తలూపి లోపలికి పోవడమే గానీ, ఒక్కనాడన్నా చివరిదాకా నిలబడి నా మాట నేను చెప్పినానా? తీసేస్తారని తెలిసి, నేనే ముందుగా నీడన పోయి కూర్చున్నా. ఈ ఆలోచనకు ఆమెకు మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మిస్సమ్మ తన కర్రా బంతీ తెచ్చి అందరినీ సరుగుడు తోపు అవతల ఇసకలోకి తీసుకుపోయింది. గురవమ్మ కొడితే ఇసక లేచింది. పేరమ్మ కర్రనే విసిరేసింది. కరుణ కొంగు దోపి నిలబడింది. మొదట గాలిని కొట్టింది, అందరూ గొల్లున నవ్వినారు. మళ్ళీ కొట్టింది. టక్కుమనింది. బంతి లేచి, ఆరేసిన వలలు దాటి, నీళ్ళ అంచున ఎక్కడో పడింది. అమ్మో, ఎంత సంతోషమైందో! తన చేతి పని అంత దూరం పోవడం ఎన్నేళ్ళకు చూసింది!

బంతి వెతికే వంకతో గురవమ్మా పేరమ్మా కరుణా ఒడ్డు వెంబడి నడిచినారు. కరుణ మెల్లిగా అడిగింది, "గురవమ్మక్కా, బియ్యం తీసేది మనమే గదా?"

బుధవారం మూడు గంటలకు పాస్టరు ఇంటి వసారాలో కమిటీ కూడింది. సమాధానం వచ్చి కుర్చీలో సర్దుకుని వంటింటి వైపు చూసినాడు. పొయ్యి వెలగలేదు. కరుణ లోపలి నుంచి ముక్కాలిపీట తెచ్చుకుని వాళ్ళిద్దరికీ ఎదురుగా కూర్చుంది.

"టీ?" అన్నాడు జకరయ్య.

"కమిటీ అయినాక చూద్దాం లెండి."

గంట సంగతి ఆయన చెప్పినాడు. సమాధానం ఔనన్నాడు. జకరయ్య ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుంటే, "నేనింకా చెప్పలేదండీ," అనింది కరుణ. ఎడ్లబండి గురించి చెప్పింది, గడ్డి గురించి చెప్పింది. మగవాళ్ళ ముందు ఎవరూ ఎత్తని నెత్తురు మాట ఎత్తింది. ఆ బిడ్డ మగబిడ్డ అనీ, తాను కడిగి గుడ్డ చుట్టిందనీ చెప్పింది. జకరయ్య ఎప్పటిలాగే ఓపిగ్గా విన్నాడు.

"చూద్దాంలే కరుణా. ముందు గంట కానీ," అన్నాడు. ఆయన చెయ్యి ఎత్తినాడు, సమాధానం ఎత్తినాడు.

"మంచిది. ముగ్గురిలో ఇద్దరు ఔనన్నారు, గంట తెప్పించుకోండి," అనింది కరుణ. "ఉన్న కానుక గంట ఖరీదులో సగానికే సరిపోతుంది. మిగతాది వచ్చే ఆదివారాల బియ్యంతో అనుకున్నారు గదా. ఆ బియ్యం రావు. గదికి పునాది తీసేదాకా ఎవరి గుప్పెడు వాళ్ళ ఇంట్లోనే ఉంటుంది."

సమాధానం నవ్వినాడు. "ఊళ్ళో ఆడోళ్ళందరి తరఫునా నువ్వే చెప్తే ఎట్లమ్మా? వాళ్ళు వినొద్దా?"

"విన్నాం లేయ్యా," అనింది గోడ అవతల నుంచి గురవమ్మ.

సమాధానం ఉలిక్కిపడి లేచి చూసినాడు. వేపచెట్టు కింద, గుడి గోడ వారగా, సంఘంలోని ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. పేరమ్మ పక్కన ఆమె కోడలు. ఎవరూ లేవలేదు.

జకరయ్య మొహం ఎర్రబడింది. "కరుణా, అది దేవుని బియ్యం."

"దేవునిదేనండీ," అనింది కరుణ. "మీదని ఎవరన్నారు?"

ఆయన విన్నాడు. ఎప్పటిలా విని, ముందు అనుకున్నది మళ్ళీ చెప్పేదానికి నోరు తెరిచినాడు. తెరిచి, వేపచెట్టు కిందికి చూసి, కుర్చీలో వెనక్కి వాలినాడు. ఎండ వసారా దిగిపోయింది, కాకులు తోపుకు తిరిగొస్తున్నాయి. సమాధానం ఒకసారి గోడ వైపు చూసి, ఒకసారి పాస్టరు వైపు చూసి, "పునాదికి రాయి ఎవరి బండిలో తోలిద్దాం అయ్యగారూ?" అని మెల్లిగా అడిగినాడు. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి, ఎవరి మాట తీసేసినారో తెలియడానికి సాయంత్రం దాకా పట్టింది.