దేవదూత చెంప

మా పాప సాత్విక కంచంలో మిగిలిన పప్పన్నం పారేయలేక నేను తింటుండగా, తను నవ్వుతూ చెప్పేసింది.

"నానమ్మా, మమ్మీ క్లీన్స్ ఏంజెల్స్ విత్ స్పిట్!"

ప్రదీప్ నవ్వి, వాళ్ల అమ్మకు తెలుగులో చెప్పాడు. అత్తమ్మ నవ్వలేదు.

"ఎంగిలితోనా? దేవుని గుళ్లెనా?"

వివరించబోయాను. మేము బాగుచేస్తున్న పాత కెథీడ్రల్ చర్చి లోపల, చెక్క తెర మీద చిత్రించిన దేవదూతలున్నారు. వారి ముఖాల మీద శతాబ్దాల కొవ్వొత్తుల పొగ పేరుకుంది. రసాయనాలైతే రంగును కూడా తినేస్తాయి. పుల్లకు చుట్టిన దూదిని నాలుకతో తడిపి, రుద్దకుండా దొర్లిస్తే మసి మాత్రమే ఊడివస్తుంది. మా పనిలో అందరూ చేసేదే. ఆ రోజే ఒక చెంప బయటపడింది, జ్వరం తగ్గిన పిల్ల చెంపలా.

"మనది గాకున్నా దేవుడు దేవుడే. ఇగ నా దేవుని అల్మార ముట్టకు," అంది అత్తమ్మ.

ఇంటిల్లిపాది ఎంగిలి కంచాలు మాత్రం నావే. వాటిని ఎత్తుతూ ఆలోచించాను: మైల ఉమ్మిలో ఉంటుందా, అది ఎవరి నోటిదన్న దానిలో ఉంటుందా?

ఉమ్మి మానకపోతే గ్లాస్గోలో కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది అత్తమ్మ. బడి నుంచి పాపను తెచ్చేది ఆమే. ఆమె లేకపోతే నా ఉద్యోగం లేదు.

వంటింట్లో ప్రదీప్ గొంతు తగ్గించాడు. "నీళ్లతోనే తుడుస్తున్న అని చెప్పరాదు? ఒక్క మాట. ఏం బోతది?"

"నువ్వు తేరాదు పాపను?"

"నాకు మీటింగ్స్ ఉంటయి గదా." వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు.

సరే, చెబుదామనే హాల్లోకి వచ్చాను. అత్తమ్మ పాపను నా ముందు నిలబెట్టింది.

"పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు."

నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. ఒట్లు భయం కల్పించిన భాష అని ఎన్నోసార్లు వాదించాను. కానీ అరచేతి కింద ఆ జుట్టు వెచ్చగా ఉంది. సిద్ధం చేసుకున్న అబద్ధం గొంతు దాటలేదు. దాన్ని బయటికి నెట్టగల హేతువు నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

"ఉమ్మితోనే, అత్తమ్మా."

సూట్‌కేసు దించమంది అత్తమ్మ. ప్రదీప్ వెంటనే లేచాడు.