నీళ్ల నొప్పి

సైదమ్మ ఇంకా బతికి ఉండగానే ఆమె ఇంటి ముందర టెంటు వేశారు.

పెద్ద దవాఖాన నుంచి నార్కట్‌పల్లిలో బస్సు దిగి, ఆటో ఎక్కి, పొద్దుగూకే వేళకు ఊరు చేరిన సైదమ్మకు మొదట కనిపించింది ఆ టెంటే. ఎరుపు, పసుపు చారల గుడ్డ, నాలుగు ఇనుప గుంజలు, కింద ప్లాస్టిక్ కుర్చీలు. పాపం ఎవరింట్లో ఏమైందోనని ఆటోలోనే గుబులు పడింది. దగ్గరికి వచ్చేసరికి ఆ పాపం ఇల్లు తనదే అయింది.

గుమ్మం ముందు ఆమెతో వరినాట్లు వేసే గుంపు ఆడవాళ్లంతా కూలబడి ఉన్నారు. వాళ్లలో గొంతున్న మనిషి శ్యామలమ్మ. నాట్లప్పుడు పాట ఎత్తుకునేదీ ఆమే, చావింట శోకం ఎత్తుకునేదీ ఆమే. ఎడమ చేతిని కుడి చేత్తో పిసుక్కుంటూ, "నా పక్క మునుం పట్టేదానివి, నన్నిడిసి ఎటువోతివే సైదక్కా" అని రాగం తీస్తూ తలెత్తింది. ఎటూ పోని సైదక్క ఆటో దిగుతోంది.

రాగం సగంలో తెగింది. ఒకామె లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

సైదమ్మ ఆటో కడ్డీ పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది. "ఆపినవేందే శ్యామలా. మంచిగున్నది, అయిపోగొట్టు. అసలు దినం వచ్చినప్పుడు నేను ఇనలేను గదా" అంది.

అప్పుడు అందరి చూపూ ఆమె వెనకే ఆటో దిగిన పెనిమిటి లింగయ్య మీద పడింది. లింగయ్య నడుము వంగి నేలను చూస్తూ నడిచే మనిషి. ఊళ్లో ఎవరు ఎదురొచ్చినా చెప్పులు చూసి గుర్తుపడతాడు. ఇప్పుడు ఇంకాస్త వంగి, కనిపించిన చెప్పులన్నింటికీ జవాబు చెప్పలేక నిలబడ్డాడు. మధ్యాహ్నం దవాఖాన వరండాలోంచి శ్యామలమ్మకు ఫోన్ చేసింది ఆయనే. "చచ్చిపోయిందంటున్నరే. టెంటు ఏయాల్నంట" అన్నాడు, ఏడ్చాడు, ఫోన్‌లో చార్జింగు అయిపోయింది. గుంపంతా తలా కొంత వేసుకుని రామన్నపేట టెంటుహౌసు గుర్వయ్యను పిలిపించింది. ఇంతలో అక్కడ సైదమ్మ డాక్టరు గదిలోంచి తన కాళ్ల మీద తానే నడిచి బయటికి వచ్చింది. చచ్చిన మనిషి ఎదురొస్తే భయపడాలో, సంతోషపడాలో, ఫోన్ సంగతి చెప్పాలో తేలక లింగయ్య బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సైదమ్మ ఒక కుర్చీ లాక్కుని తన చావు టెంటు కింద తానే కూర్చుంది. చెప్పవలసింది చాలా ఉంది. ముందు ఊపిరి రావాలి.

ఆ ఊరికి నీరే పేరు, ఆ నీటికి నొప్పే పేరు. ఏళ్లకేళ్లు బోరునీళ్లు తాగి, ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగి, పళ్లు పచ్చబడి, మోకాళ్లు వంకర్లు పోయిన ఊరు. తర్వాత రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం వెనక ఇంటింటికీ నల్లా వచ్చింది. నల్లాలో కృష్ణ నీళ్లు తెల్లగా వచ్చాయి. కానీ ఎముక తాగిన నీళ్లను ఎముక కక్కదు. నొప్పులు నొప్పుల్లాగే ఉండిపోయాయి. మెడ పట్టేసినా నీళ్ల నొప్పే, మడమ గుంజినా నీళ్ల నొప్పే. తాగొచ్చిన మొగుడు తంతే నడుము విరిగినా, ఆ ఆడది మరునాడు పొలంలో చెప్పేది నీళ్ల నొప్పి అనే.

ఆ నొప్పికి మందు ఐలేశం సూది. ఎన్నికలు దాటితే ఒక్క ఎంపీ తొంగిచూడని ఊరికి ఈ ఆరెంపీ మాత్రం ప్రతి సాయంత్రం బండి మీద వచ్చేవాడు. యాభై రూపాయలకు సూది వేసేవాడు. లేదంటే నాట్లయ్యాక ఇమ్మనేవాడు. ముసలివాళ్లకు చెయ్యి పట్టి నడిపించి మరీ వేసేవాడు. చెడ్డవాడు కాదు. అతను చెడ్డవాడైతే ఈ కథ ఇంత చెడ్డగా ఉండేది కాదు.

సైదమ్మకు పోయిన ఎండాకాలం నుంచే చెవి కింద ఎడమ దౌడ గుంజేది. నెత్తిమీద కట్టెలతో గుట్ట ఎక్కితే వచ్చేది, బండమీద కాసేపు కూర్చుంటే పోయేది. నొప్పికి కూడా కూర్చోవడం ఇష్టమేమో, తనకే ఆ భాగ్యం లేదని నవ్వుకునేది. దౌడ మొద్దుబారడానికి బుగ్గలో తంబాకు పెట్టుకునేది. ఒకటి రెండైంది, రెండు పొద్దంతా అయింది. చెయ్యి బరువెక్కిన రోజు ఐలేశం సూది ఎలాగూ ఉంది.

వానాకాలం నాట్లు గుత్తకు పట్టారు. ఎకరం ఐదువేలు, పన్నెండుమంది గుంపు. కూలికి పోతే మేస్త్రి తరుముతాడు. గుత్తలో మేస్త్రి ఉండడు, ఒకరినొకరు తరుముకుంటారు. మడిలో ఎవరి వరుస, ఎవరి మునుం వారిది. ఒకరు నడుము లేపితే ఆమె వరుస వెనకబడుతుంది. దాన్ని పక్కవాళ్లు అందుకోవాలి. అందుకునేవాళ్లు ఊరికే అందుకోరు, పాట కట్టి అందుకుంటారు. ఒకరోజు రాకపోతే ఆ జాగాలో ఇంకొకరు దిగుతారు, నాట్లయ్యేదాకా మళ్లీ బురదలోంచి లేవరు.

ఆ ముసురు రోజున పొద్దెక్కక ముందే సైదమ్మ దౌడ పట్టేసింది. దౌడలోంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి దిగింది. నారుకట్ట చేతిలోంచి జారింది. ఈసారి ఒడ్డున కూర్చున్నా పోలేదు. వానలో తడిసిన ఒంటిమీద చెమట పట్టింది. రెండుసార్లు కక్కుకుంది. శ్యామలమ్మ అక్కడినుంచే పాట అందుకుంది. ఊరందరి దౌడలు నొప్పించిన నోటికి ఇన్నాళ్లకు తన దౌడ నొచ్చిందని పదం కట్టింది. గుంపంతా నవ్వింది, సైదమ్మ కూడా నవ్వబోయింది. ఐలేశం ఒడ్డుమీదికే వచ్చాడు. "నీళ్లు దౌడకెక్కినయ్ అక్క" అని రెండు సూదులు పొడిచాడు. నొప్పి మెల్లగా సద్దుమణిగింది. మరునాడు సైదమ్మ తన మునుంలో ఉంది. నాటు వేసే చేతులకు నాటు వైద్యం సరిపోయిందనుకున్నారు.

దసరా దాటాక బిందె ఎత్తితే ఊపిరి అందలేదు. పడుకుంటే ఎవరో గొంతులో నీళ్లు పోసినట్టు ఉండేది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. పాదాలు పొంగాయి, వేలు పెట్టి నొక్కితే గుంట పడేది. "నీళ్లు కాళ్లకు దిగినయ్" అన్నాడు ఐలేశం. ఆ ఒక్కసారి అతను నిజమే చెప్పాడు. అవి నీళ్లే. బోరునీళ్లు కావు, గుండె తోడలేక మిగిల్చిన నీళ్లు. అది అతనికీ తెలియదు.

చివరికి ఊరి ఆశ కార్యకర్త వచ్చి బీపీ చూసి, కాళ్లు చూసి, రేపే పెద్ద దవాఖానకు పొమ్మంది. ఈ కథలో ఆశ అంటే ఆమె ఒక్కతే, ఆమె కూడా ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది.

దవాఖానలో డాక్టరు పేరు కరుణ. ఎన్నాళ్లుగా బీపీ ఉందని అడిగింది. "ఏపీ వోయి టీఎస్ వచ్చె, టీఎస్ వోయి టీజీ వచ్చె. బీపీ ఎప్పుడొచ్చిందో నాకెవ్వరు చెప్పలే డాక్టరమ్మా" అంది సైదమ్మ. షుగరు చాయ్‌లో తప్ప ఎక్కడా చూడలేదంది. రక్తం తీసి చూస్తే అదీ ఉంది. ఛాతీకి వైర్లు అతికించి గీతలు తీశారు. ఎకో తీయాలన్నారు. ఎకరం భూమి లేనిదానికి కూడా ఎకో ఊరికే తీస్తారని తెలిసి సైదమ్మ ముచ్చటపడింది. లోపల తెరమీద బూడిద రంగు ముద్ద ఒకటి ఆడింది. ఒక పక్క ఆడింది, ఒక పక్క ఊరికే ఉంది. ఆ ఊరికే ఉన్న పక్కను కరుణ చాలాసేపు చూసింది. నొప్పి మొదట ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుంటే వచ్చిందని అడిగింది. గుట్ట, దౌడ, తంబాకు, సూదులు, నాటు, చెమట అన్నీ విన్నది. విన్నాక కలం పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. తలుపు అవతల లింగయ్య నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు టెంటు కింద అందరూ దగ్గరికి జరిగారు. చావింట ఎవరికో సూది వెయ్యాల్సి వస్తుందని ఐలేశం కూడా సంచితో వచ్చి ఉన్నాడు. శోకాలు తీసీ తీసీ దౌడ లాగుతోందని, చెయ్యి గుంజుతోందని శ్యామలమ్మ అంతకు ముందే అతన్ని సూది అడిగింది. అతను సంచి తెరిచి, మందు సీసా తీసి, సూదిలోకి ఎక్కిస్తున్నాడు.

"ముందుగాల టెంటు సంగతి తేల్చుకుందాం" అంది సైదమ్మ. "డాక్టరమ్మ అన్నది టెంటు గాదు, స్టెంటు. గుండెకు రక్తం వోయే నరం పూడుకపోతే దాన్ని తెరిచి లోపల ఏసే సన్న జాలి గొట్టం. పెన్నుల స్ప్రింగు లెక్కుంటదట. చచ్చిపోయిందన్నది గూడ నన్ను గాదు, నా గుండెల ఓ తుంటను. ఈయన తలుపవుతల నిలవడి రెండు మాటలు వట్టుకుని నాకు పాడె గట్టిండు."

గుంపు నవ్వింది. ఏడ్చిన కళ్లతో నవ్వడం వల్ల అది చాలాసేపు సాగింది. "టెంటన్నట్టే ఇనొచ్చింది. వంగినోనికి పైమాటలేం ఇనవడ్తయ్" అని లింగయ్య నేలకు చెప్పుకున్నాడు. మరి ఆ స్టెంటు ఎప్పుడు వేస్తారని ఎవరో అడిగారు.

"ఎయ్యరు" అంది సైదమ్మ. "ఏసే దినం వోయింది. గా నాట్లల్ల నాకొచ్చింది నీళ్ల నొప్పి గాదు, గుండెపోటు. ఆ పూటకే వోయి ఉంటే ఏసేటోళ్లు. ఇప్పుడు చచ్చిన కండకు ఏసి లాభం లేదట. ఉన్న సగం కొట్టుకున్నన్ని దినాలు గోలీలు. బరువెత్తొద్దు, వంగొద్దు, బురదల దిగొద్దన్నది. ఇగ నేను చేసే పనేమున్నది చెప్పు."

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గుండెపోటు అయితే ఛాతీలో రావాలి గదా, దౌడలో వచ్చుడేందని శ్యామలమ్మ అడిగింది. సినిమాల్లో అందరూ ఛాతీయే పట్టుకుంటారు.

"మొగోళ్లకు మస్తుగ గట్లనే వస్తదట. ఆడోళ్లకు ఛాతీల రాకున్నా దౌడకొస్తది, చేతికొస్తది, వీపుకొస్తది, కొందరికి కక్కుడు, ఆయాసమే వస్తదట. షుగరుంటే నొప్పే ఎరుకగాదట. పనిచేస్తే వచ్చి కూసుంటే పోయే నొప్పి ఏడ వచ్చినా ముందు గుండెను సూపిచ్చుకోవాలన్నది. బీపీ ఉండె, షుగరుండె, నేనెరుగ. దౌడకు మందని నేను వెట్టిన తంబాకు గుండె నరాన్ని పాడుజేసిందట." కాసేపు ఊపిరి తీసుకుంది. "నేను నీళ్ల నొప్పి అన్న. నువ్వు నీళ్ల నొప్పి అని పాట గట్టినవ్. తమ్ముడు నీళ్ల నొప్పి అని సూదిచ్చిండు. ఒక్కరం గుండె అనలే. గుండె ఏడుంటదో ఎరుకలేక గాదు. ఈ ఊర్ల నొప్పికి ఇంకో పేరుంటదని ఎరుకలేక."

"నొప్పి తగ్గిందా లేదా అక్క" అన్నాడు ఐలేశం.

"తగ్గింది తమ్మీ. తగ్గకపోతే దవాఖానకు వోదును."

అతను తల దించుకున్నాడు. ఆ సూదులు ఏళ్లకేళ్లు పొడిస్తే అవి కూడా గుండె మీదే పడతాయని, బీపీ పెంచుతాయని డాక్టరమ్మ చెప్పిన మాట సైదమ్మ అతని మొహం చూసి సగమే చెప్పింది. సగం చాలు. తాను భువనగిరిలో మందుల దుకాణంలో పనిచేసి నేర్చుకున్నానని, ఆ దుకాణంలో ఎవరూ ఇది చెప్పలేదని ఐలేశం ఎవరూ అడగకుండానే అన్నాడు. అతని చేతిలో సూది నిండి ఉంది. అలవాటైన చెయ్యి అలవాటుగా శ్యామలమ్మ వైపు జరిగింది.

శ్యామలమ్మ రవిక చెయ్యి కిందికి గుంజుకుంది.

"సూది వద్దు" అంది.

తర్వాత సైదమ్మ వైపు తిరిగి, పాటలేని గొంతుతో, అందరికీ వినపడేట్టు అంది. "అక్కా, నాకు గూడ గుట్టెక్కితేనే వస్తాంది. కూసుంటె పోతాంది."

గుంపులో మరో ఇద్దరు తమ చేతులకేసి చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో, రేపు గుత్త ఉంది గదా అన్నారు. చలికాలం యాసంగి నాట్లు, ఒప్పుకున్న మడి. సైదమ్మ మునుం ఎలాగూ ఖాళీ. శ్యామలమ్మది కూడా ఖాళీ అయితే రెండు వరుసలు మిగతావాళ్ల మీద పడతాయి. పొద్దున బస్సుకు పెద్ద దవాఖానకు పోతే శ్యామలమ్మ సాయంత్రానికి గాని తిరిగి రాదు. ఆమె జాగాలో ఎవరిని దింపాలో కూడా ఒకామె నోట్లోకి వచ్చి ఆగింది.

"సూదైతే వద్దు" అని శ్యామలమ్మ మళ్లీ అంది. బస్సు ఎక్కుతానని అనలేదు.

గుర్వయ్య గుంజల దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి బతికే ఉంది గదా, టెంటు విప్పుకుపోనా అని అడిగాడు. ఐలేశం ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. సూది మొనమీద మందు బొట్టు ఒకటి, పడకుండా, వేలాడుతోంది.