బెండాకులైన పత్తి

నేను ఒక మందు కొట్టే పంపును. నాలుగు రోజుల కిందట నేను తడిపిన పత్తి ఆకులు వేళ్ళలా చీలి, అచ్చం బెండాకులైపోవడం ఆ ఉదయం నన్ను కొన్న నాంచారమ్మ చూసింది. కలుపు మందు పడితేనే పత్తి అలా అవుతుంది. నాలో ఆమె పోసింది మాత్రం పురుగు మందు.

నన్ను ఏదో ఫ్యాక్టరీలో నీలం ప్లాస్టిక్‌తో అచ్చుపోశారు. మేకపోతును అమ్మి నాంచారమ్మ నన్ను నరసరావుపేటలో కొన్నప్పుడు ఆమెకు ఏడో నెల. కడుపులో బిడ్డనూ వీపున నన్నూ మోస్తూ కౌలు చేలో సాళ్ళు తిరిగింది. ఆ బిడ్డ బడికెళుతోంది, తర్వాతివాడికి నడక వచ్చింది. కాలం మాత్రం కుదురుకోలేదు. ఒక ఏడు వాన ఎగ్గొట్టింది. మరో ఏడు కాయ పగిలే వేళకు కురిసి పత్తిని నల్లబరిచింది. ఈసారీ పంట పోతే ఈ చేనును పక్క చేలో మిరప వేసే చినవీరయ్యకు కౌలుకిచ్చేస్తానని పొలం ఆసామి తేల్చి చెప్పాడు.

నాంచారమ్మ పత్తికి మందు కొట్టడానికి ముందు రోజే ఆ చినవీరయ్య నన్ను అరువు తీసుకెళ్ళి తిరిగిచ్చాడు. మనుషులు చిత్రమైనవాళ్ళు. అరువిచ్చిన గిన్నె తిరిగొస్తే తిప్పి తిప్పి చూస్తారు, పంపుకు మూత కూడా తీయరు. నా అడుగున చిక్కటి కలుపు మందు వదిలి అతను మూత బిగించాడు. నా నోటితోనే నా ఇంటివాళ్ళ పంట తగలబెట్టించాడు. ఆ రోజు నుంచి నాలో ఉన్నది పగ ఒక్కటే.

నాంచారమ్మ ఏడవలేదు. సాళ్ళ వెంట నడిచింది. నన్ను మొదటిసారి నింపి కొట్టిన ట్యాంకు మందు పడిన మొక్కలు ఘోరంగా ఉన్నాయి, రెండో ట్యాంకువి కాస్త నయం, ఆరో ట్యాంకు నుంచి చేను పచ్చగానే ఉంది. తప్పు మందు సీసాలో ఉంటే చేనంతా ఒకేలా పాడవ్వాలి. ఆమె మెల్లగా నా వంక తిరిగింది.

అడిగితే చినవీరయ్య నవ్వాడట. మిరపకు పురుగు మందే కొట్టాననీ, మూడుసార్లు కడిగిచ్చాననీ, ఆవిడే సీసా మార్చి పోసుకుందనీ ఊరంతా చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె నన్ను బట్టల సోడా కలిపిన నీళ్ళతో ఏడుసార్లు కడిగింది. సాక్ష్యం కడిగేస్తోందని నేను మండిపడ్డాను. మర్నాడు ఆసామి చేను చూడటానికి వచ్చేసరికి నాలో మంచినీళ్ళు నింపి, వీపున వేసుకుని, పూత మీదున్న చినవీరయ్య మిరపచేలోకి దిగింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె పిడి ఆడించిన కొద్దీ నాలో గాలి బిగిసింది.

"ఏందమ్మాయ్, నా చేలోకొచ్చావ్?" అన్నాడు చినవీరయ్య.

"ఏం లేదన్నా. నీళ్ళే. నువ్వు మూడుసార్లు కడిగానన్నావుగా, నేను మళ్ళీ కడగలా. నీ కడుగుడు ఎంత బాగుందో నీ మిరపే చెప్పిద్ది."

ఆసామి గట్టు మీద ఆగిపోయాడు. ఆమె గొట్టం ఎత్తింది. ఆ కలుపు మందు చుక్క మిగిలున్నా పూత మిరప మాడిపోతుందని తెలిసిన చినవీరయ్య పరుగున వచ్చి గొట్టం చివరకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఉన్న బలమంతా పెట్టి వేళ్ళ సందుల్లోంచి అతని ముఖాన కొట్టాను. మంచినీళ్ళకే కళ్ళు నులుముకుంటూ సాలులో కూలబడ్డాడు.

"ఆపమ్మాయ్, నీకు దణ్ణం పెడతా. నేను కడగలా. గ్లాసుడు కలుపు మందు కావాలనే అడుగున ఉంచి ఇచ్చా. మీ పంట పోతే చేను నాకొచ్చిద్దని చేశా. నా మిరప మీద మాత్రం కొట్టమాక."