కొన్చెత్తా ఇంట్లో పొయ్యి

పక్కింటి కొన్చెత్తాను ఖననం చేసిన మర్నాడు ఉదయం ఉమామహేశ్వరి అన్నం, ముద్దపప్పు, చారు గిన్నెల్లో సర్దుకుని చెప్పులేసుకుంది. కూతురు విద్య ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, ఇక్కడ చెప్పకుండా ఎవరింటికీ వెళ్లరు. ఫ్లవర్స్ పంపించాం కదా!”

“పూలు తింటుందా ఆవిడ మనవరాలు?”

“జీనాకి కాస్త స్పేస్ కావాలేమో.”

“మీ నాన్న పోయినప్పుడు కొన్చెత్తా నిన్నడిగే వచ్చిందా?”

విద్య తలుపు దగ్గర్నుంచి పక్కకి తప్పుకుంది. అప్పుడు ఉమామహేశ్వరి భర్త మల్లికార్జునరావు దహనం ముగించుకుని వాళ్లు ఇంటికొచ్చేసరికి డెట్రాయిట్ దగ్గరి ఈ నోవైలో మోకాలి లోతు మంచు. ఆ మంచులో పక్కింటి ముసలావిడ కోడి సూప్ మోసుకొచ్చింది. వీళ్లు మాంసం ముట్టరని తెలిసి నెత్తి కొట్టుకుని, వెనక్కి వెళ్లి, చిక్కుడు గింజలతో పాస్తా వండి తెచ్చింది. విద్య టీ పెట్టబోతే స్టవ్ కట్టేసింది. చావు జరిగిన ఇంట్లో ఇంటివాళ్లు పొయ్యి వెలిగించకూడదట, ఇటలీలో వాళ్ల ఊరి పద్ధతీ అదేనట. పిన్నులో అత్తలో చేయాల్సిన పని ఆవిడ చేసిపెట్టింది.

జీనా తలుపు తీయగానే వెల్లుల్లి, టొమాటో వాసన గుప్పుమంది. తల్లి వదిలేసి పోతే, తండ్రి పోయాక కూడా, ఆ పిల్లని పెంచింది ‘నోన్నా’ అని పిలుచుకునే నాయనమ్మ కొన్చెత్తాయే. ఆ ఇంట్లో పైనున్న వంటగది చుట్టాల కోసం అద్దంలా ఉంటుంది. అసలు వంటంతా కింద బేస్‌మెంట్‌లోనే. ఉమామహేశ్వరి జీనా వెనకే మెట్లు దిగింది.

“నోన్నా చేసే సాసే చేస్తున్నాను ఉమా. సాయంత్రం అందరూ వస్తారు. పొద్దున్నించీ చేస్తున్నా ఆ రుచి రావడం లేదు. ఇది కూడా రాకపోతే ఇంక నాకు మిగిలిందేముంది?”

జీనా కళ్లు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. నిన్న చర్చిలోనూ అంతే, అందరికీ చేతులు కలిపింది తప్ప ఏడవలేదు. ఆపమని చెప్పడానికి పరాయిదాన్ని, నాకేం హక్కుందనుకుంటూనే ఉమామహేశ్వరి గిన్నెలు బల్ల మీద పెట్టింది.

“అది ఆపేయమ్మా.”

“ఎందుకు?”

“మీ నోన్నా పెళ్లి కథ తెలుసుగా?”

“ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేది. పెళ్లికొడుకు డెట్రాయిట్‌లో ఉంటే ఇటలీలో అతని బదులు వాళ్లన్న పక్కన నిలబడి పెళ్లాడి, ఓడెక్కింది. రేవులో దిగి మొగుణ్ణి చూసి, అన్నే నయమనుకుందట!”

“ఆ తర్వాతది చెప్పిందా? మీ నాన్న ఒళ్లో పిల్లాడిగా ఉన్నప్పుడు ఊళ్లో మీ నోన్నా వాళ్లమ్మ పోయింది. ఖననం కూడా అయిపోయాకే కబురొచ్చింది. ఇక్కడ ఎవరికీ తెలీదు, ఎవరూ రాలేదు. మీ తాత ఫ్యాక్టరీ నుంచి ఆకలితో వస్తాడని లేచి తనే పొయ్యి వెలిగించింది. ‘మా అమ్మ పోయిందని తెలిసిన రోజు నా చేత్తో నేనే వండుకు తిన్నాను ఉమా’ అని నా దగ్గర ఏడ్చింది. ఎవరింట్లో చావైనా గిన్నె పట్టుకుని పరుగెత్తింది అందుకే. ఇవాళ నీ చేత వండనిస్తుందా?”

జీనా గరిటె తిప్పడం ఆపేసింది. సాస్ అడుగంటుతున్న వాసన వచ్చింది. అప్పుడు స్టవ్ కట్టేసింది.

ఉమామహేశ్వరి పప్పన్నం కలిపి, చారు పోసి, చెంచా చేతికిచ్చింది.

“నోరు మండిపోతోంది ఉమా!”

“నీ కోసం కారం తగ్గించే పెట్టాను.”

“ఇది తగ్గించడమా?” అని నవ్వింది జీనా. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. చిన్నపిల్లలా ఏడుస్తూనే తింది. ఏడవద్దని ఉమామహేశ్వరి అనలేదు.

ఏడుపు తెరిపినిచ్చాక జీనా అడిగింది. “ఆ రోజు నోన్నా ఏం వండుకుందో చెప్పిందా?”

“చెప్పలేదమ్మా. అడగడానికి నాకూ నోరు రాలేదు.”