చెప్పి వెళ్లడం

పెట్టె తాళంచెవి స్నిగ్ధ మింగేసింది.

కాకినాడలో మా అక్క అన్నపూర్ణేశ్వరి ఇవాళో రేపో అన్నట్టుంది. సాయంత్రం రైలుకు నేను బయలుదేరాలి. చీరలు సర్ది, పెట్టెకు తాళం వేసి, జుట్టు ముడి వేసుకుంటున్నాను. ముప్పై ఏళ్ల నా కూతురు వచ్చి, నేను చూస్తుండగానే బల్లమీది తాళంచెవి నోట్లో వేసుకుని మంచినీళ్లు తాగింది.

"ఇప్పుడెళ్లు," అంది.

తిట్టడానికి కూడా ఓపిక లేక, మా ఆయనను పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇది కొత్త కాదు. కిందటేడు చుట్టాల పెళ్లికి బయలుదేరేటప్పుడు మా ఆయన, "చెబితే గొడవ. పిల్ల నిద్రలో ఉండగా జారుకుందాం," అన్నారు. చంటిపిల్లలున్న ఇళ్లలో చేసే పనే. ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా ఇంట్లోంచి చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాం. రైలు మధుర దాటకముందే పక్కింటావిడ నా సెల్‌కి ఫోన్ చేసింది. దేవుడి దగ్గర రూపాయి బిళ్లలు మింగిందట.

ఎక్స్‌రేలో తాళంచెవి తెల్లగా కనబడింది. చిన్నదే గనక దానంతటదే బయటికి రావచ్చనీ, అంతవరకూ స్నిగ్ధను అక్కడే ఉంచాలనీ డాక్టర్లు అన్నారు. తరువాత ఆమెను మామూలుగా చూసే మానసిక వైద్యుడు వచ్చి నాకు హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్‌లో ఇలా వస్తువులు మింగడం అరుదు, కాని ఉంది. నాటకం కాదు. అయినవాళ్లు గడప దాటితే ఇక రారని భయం. చెప్పకుండా వెళ్తే ఆ భయం ముదురుతుంది. మీరు ఆగిపోతే, మింగితేనే ఆగుతారని నేర్చుకుంటుంది. చెప్పి వెళ్లండి. చెప్పిన రోజుకు రండి."

ఆయనకేం, చెబుతాడు. మా అమ్మను నేను చివరిసారి చూసింది సామర్లకోట ప్లాట్‌ఫారం మీద. అప్పటినుంచీ రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి బయటికి చూడను.

మంచం దగ్గరికి వెళ్లాను. "పెద్దమ్మను చూసి వచ్చే ఆదివారానికి వచ్చేస్తాను."

"మత్ ఆనా. రాకు. అక్కడే ఉండిపో. పెద్దమ్మకి పిల్లలున్నారు. నాకెవరున్నారు?"

"నాన్న ఉన్నారుగా."

"నాన్న పేపర్ చదువుతారు."

మా ఆయన పేపరు మడిచారు. "రేపు వెళ్దువుగానిలే, సుభద్రా."

"రేపటిదాకా ఆగుతానని అక్క మీతో చెప్పిందా?"

స్నిగ్ధ నా కొంగు పట్టుకుంది. ఒక్కో వేలూ విడదీయవలసి వచ్చింది.

"ఆదివారం," అన్నాను, దాని ముఖంలోకే చూస్తూ. అది గోడవైపు తిరిగింది.

బయట ఆటో అతను నా ఖాళీ చేతులు చూశాడు. "సామాన్, మాతాజీ?"

"నహీ హై, భయ్యా. స్టేషన్ చలో."