ముందు వాడేమన్నాడో చెప్పు

మా విద్యార్థి సంఘానికి అధ్యక్షుణ్ణి కావడం నా ఖర్మ. కాలేజీ ఎన్నికల్లో పోటీ చేయాలా, బహిష్కరించాలా అని నెల రోజులుగా మావాళ్ళు కొట్టుకుంటున్నారు. తీర్పులు చెప్పలేక నా తల బొప్పికట్టింది. చివరికి ఒక నిబంధన పెట్టాను. జవాబు చెప్పాలనుకున్నవాడు ముందు ఎదుటివాడి వాదనను, వాడు అవునని ఒప్పుకునేలా, తిరిగి చెప్పాలి.

పోటీ చేయాలనే కళ్ళజోడు కుర్రాడు, వద్దనే పొడుగు కుర్రాడు లేచారు. "నేనన్నది అది కాదు, మళ్ళీ చెప్పు" అని సాయంత్రం దాకా ఒకరినొకరు సతాయించుకున్నారు. మిగతావాళ్ళు బల్లల మీద తలలు వాల్చేశారు. ఉన్నట్టుండి పొడుగు చల్లబడ్డాడు.

"నువ్వన్నదే రైటు రా. పోటీ చేద్దాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. గది తాళం చేతిలోకి తీసుకున్నాను.

కళ్ళజోడు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నీ మాటలు చెప్పీ చెప్పీ నాకు అదే నిజమనిపిస్తోంది రా. బహిష్కరిద్దాం."

"అదెలా కుదురుతుంది?" అంటూ పొడుగు బల్ల గుద్దాడు.

తాళం బల్ల మీద పెట్టి కూలబడ్డాను. నా నోరే నా మాట వినలేదు.

"ముందు వాడేమన్నాడో చెప్పు" అన్నాను.